పువ్వు వెనక్కి తిప్పి చూస్తే: సికింద్రాబాద్ వీధిలో గంగరావి గుర్తింపు

సికింద్రాబాద్‌లో మేముండే కాలనీలో, వీధి మలుపు దగ్గర ఒక చెట్టుంది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తుంటే కొమ్మల మీద గంటల్లాంటి పసుపు పూలు కనిపిస్తాయి, లోపల అడుగున ముదురెరుపు మచ్చతో. చెట్టు కింద నేల మీద మాత్రం పసుపు పువ్వు దాదాపు ఉండదు. రాలినవన్నీ ముడుచుకుపోయి ఊదా కలిసిన గులాబీ రంగులో ఉంటాయి. ఆ దారిన పోయేవాళ్లలో ఆకును చూసినవాళ్లు దీన్ని రావి అంటారు. పువ్వును చూసినవాళ్లు బెండ జాతిదేదో అంటారు. పెద్దవాళ్లు గంగరావి అంటారు. ఆ పెద్దవాళ్ల మాటే నిజమని నాకూ అనిపిస్తుంది. అనిపించడానికీ తేల్చడానికీ మధ్య ఎన్ని ఆధారాలు కావాలో చూడటమే ఈ వ్యాసం పని.

గంగరావి శాస్త్రీయ నామం థెస్పీసియా పాపుల్నియా. ఇది పుట్టుకతో సముద్రతీరపు చెట్టు. ఉప్పునీటి కాలువల గట్లమీద, మడ అడవుల అంచున, ఇసుక ఒడ్డున పెరుగుతుంది. సికింద్రాబాద్ నుంచి నేరుగా కొలిచినా సముద్రం 250 కిలోమీటర్లకు తక్కువ దూరంలో లేదు. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, రాతినేల మీద ఉంది. అలాంటి చోట తీరపు మొక్క పేరు చెప్పేటప్పుడు ఆధారం కొంచెం గట్టిగానే అడగాలి.

మొదట రావిని పక్కన పెట్టేయొచ్చు, దానికి ఎక్కువసేపు పట్టదు. రావి ఆకు తుంచితే పాలు కారతాయి, దీనికి కారవు. రావి ఆకు కొన సన్నని పొడవాటి తోకలా వేలాడుతుంది. దీని కొన మొనదేలి ఉంటుందే తప్ప తోక ఉండదు. రావి మర్రి ప్రజాతిది కాబట్టి దాని పూలు పండు లోపలే దాగి ఉంటాయి, కంటికి కనిపించే పువ్వంటూ పూయదు. పసుపు పువ్వు పూసిన క్షణానే ఈ చెట్టు రావి కాదని తేలిపోయింది.

అసలు చిక్కు ఎట్టగోగుతో. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ టీలియేసియస్. అదీ తీరపు చెట్టే, దానివీ హృదయాకారపు ఆకులే. పసుపు పువ్వు, అడుగున ముదురు మచ్చ, వాడేటప్పుడు రంగు మారడం, అన్నీ దానికీ ఉన్నాయి. గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట మడచెట్లకు తోడుగా పెరిగే వాటిలో ఈ రెంటినీ చూడొచ్చు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో తన పుస్తకంలో రెండింటినీ హైబిస్కస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. అంతటివాడికే ఒకే గూటి పక్షుల్లా కనిపించాయంటే, వీధిలో నడిచే మనం తడబడటంలో వింత లేదు.

ఆకుతో మొదలుపెడదాం. చిన్నప్పుడు గంగరావి ఆకును చుట్టి, ఒక కొసను నొక్కి బూర ఊదినవాళ్లకు దాని స్పర్శ గుర్తుండే ఉంటుంది. నున్నగా, కాస్త మందంగా, తోలులా ఉంటుంది. పదింతలు పెద్దదిగా చూపే చేతి భూతద్దం పట్టుకుని లేత చిగురును, కాడను చూస్తే గోధుమ రంగు పొలుసులు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ మధ్యలో చిన్న కాడ మీద నిలబెట్టిన గొడుగులా ఉంటుంది. ముదిరిన ఆకు మీద అవి చాలావరకు రాలిపోయి ఉంటాయి కాబట్టి ముదురాకు మాత్రమే చూసి పొలుసులు లేవనడం పొరపాటు. ఎట్టగోగు ఆకు అడుగు భాగం వేరుగా ఉంటుంది. బూడిద కలిసిన తెలుపులో, నక్షత్రాకారపు నూగుతో నిండి, వేలితో రాస్తే మెత్తగా తగులుతుంది.

ఆకు అడుగున నడిమి ఈనె మొదట్లో ఒక చిన్న తేనె గ్రంథి ఉంటుంది. చీమలు అక్కడికి చేరడం చూసి కొందరు దాన్నే గుర్తుగా చెబుతారు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే ఎట్టగోగుకూ అదే చోట గ్రంథులు ఉన్నాయి. రెండు మొక్కలకూ ఉన్న లక్షణం ఎంత ముచ్చటైనదైనా ఆ రెంటినీ విడదీయలేదు. అంతకంటే పనికొచ్చేది కొమ్మ మీదే ఉంది. ఆకుకాడ మొదట్లో పుట్టే పత్రపుచ్ఛాలు ఎట్టగోగుకు పెద్దవి, చిన్న ఆకుల్లా ఉండి చిగురును కప్పుతాయి. అవి రాలినచోట కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి మచ్చ మిగులుతుంది. గంగరావి పత్రపుచ్ఛాలు సన్నగా, చిన్నగా ఉండి తొందరగా రాలిపోతాయి, కొమ్మకు ఉంగరం ఉండదు. మా వీధి చెట్టు కొమ్మల్లో చేతికందినవన్నీ తడిమి చూశాను. ఉంగరం ఎక్కడా తగల్లేదు.

ఇక పువ్వు. అందరి కళ్లూ పడేది రంగు మీదే, కానీ ఇక్కడ అన్నిటికంటే బలహీనమైన సాక్షి రంగే. పసుపు రేకులు, మధ్యలో ముదురు కన్ను బెండ పువ్వుకు ఉన్నాయి, గోంగూర పువ్వుకు ఉన్నాయి, దేశవాళీ పత్తి పువ్వుకూ ఉన్నాయి. సాయంత్రానికి రంగు మారడం కూడా మందార కుటుంబంలో అరుదేమీ కాదు. కేసరాలన్నీ ఒక గొట్టంగా కలిసి మధ్యలో నిలబడటం కుటుంబం మొత్తానికీ చెందిన లక్షణం. అది మన చెట్టును ఇంటి గుమ్మం దాకా తీసుకొస్తుంది గానీ గదిలోకి చేర్చదు.

పువ్వును వెనక్కి తిప్పాలి. రేకుల కింద ఉండే రక్షక పత్రావళి గంగరావిలో చిన్న గిన్నెలా ఉంటుంది. దాని అంచు కత్తెరతో కోసినట్టు సమంగా ఉంటుంది. ఐదు రక్షక పత్రాలు కలిసి ఏర్పడిందనడానికి గుర్తుగా అంచున ఐదు చిన్న మొనలు ఉంటాయి. వేలితో తడిమితే తెలుస్తాయో లేదో అన్నంత చిన్నవి. ఎట్టగోగులో ఆ గిన్నె అంచు ఐదు పొడవాటి, మొనదేలిన తమ్మెలుగా చీలి ఉంటుంది. ఈ తేడాకు భూతద్దం కూడా అక్కర్లేదు. ఒకసారి రెండు పూలనూ పక్కపక్కన పెట్టి వెనక నుంచి చూసినవాళ్లు ఇక ఎప్పుడూ పొరబడరని నా నమ్మకం.

రక్షక పత్రావళి కింద ఇంకో వరస ఉంటుంది, దాన్ని ఉపరక్షక పత్రావళి అంటారు. గంగరావికి ఇవి మూడే ఉంటాయి, సన్నగా, ఒకదానితో ఒకటి కలవకుండా. పువ్వు విచ్చేసరికి చాలాసార్లు రాలిపోయి ఉంటాయి. ఎట్టగోగులో 7 నుంచి 10 దాకా తమ్మెలు అడుగున కలిసి ఒక కప్పులా ఏర్పడి కాయ దాకా నిలిచి ఉంటాయి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. విచ్చిన పువ్వు ఒక్కటే చూసి ఉపరక్షక పత్రాలు లేవని రాసుకుంటే అది తప్పుడు నమోదు అవుతుంది. మొగ్గను చూడాలి. నేను మొదటిసారి ఈ చెట్టు దగ్గర నోటు పుస్తకంలో లేవనే రాసుకున్నాను. తర్వాతి వారం ఒక లేత మొగ్గ దొరికాక కొట్టేసి మూడు అని రాశాను. లేకపోవడానికీ రాలిపోవడానికీ ఉన్న తేడా అంతటిది.

మూడో సాక్ష్యం కీలం. మందార పువ్వులో కేసరాల గొట్టం దాటి బయటికొచ్చిన చోట ఐదు చిన్న ఎర్రటి పూసలు విడివిడిగా కనిపిస్తాయి గదా, ఎట్టగోగులోనూ కీలం అలాగే ఐదు శాఖలుగా చీలుతుంది. గంగరావిలో చీలదు. ఒక్కటే కాడ, కొస కాస్త లావై గదలా ఉండి, దాని మీద నిలువునా గాడులు ఉంటాయి. వరంగల్, ఆదిలాబాద్ పత్తిచేలలో పని చేసినవాళ్లు ఇది చూడగానే పోల్చుకోవాలి, ఎందుకంటే పత్తి పువ్వు కీలమూ ఇలాంటిదే. పత్తి రక్షక పత్రావళి కూడా తమ్మెలు తేలని గిన్నే. పత్తికి ఉపరక్షక పత్రాలు కూడా మూడే. పత్తిలో అవి పెద్దవై, అంచులు చీలి, కాయను చుట్టుకుని ఉంటాయి. గంగరావిలో చిన్నవై రాలిపోతాయి. అంటే మా వీధి మలుపులోని చెట్టు రావికి ఏమీ కాదు, పత్తికి దగ్గరి చుట్టం.

ఈ చుట్టరికాన్ని ఒక్క పువ్వు రూపం మీదే నిలబెట్టలేదు. పాల్ ఫ్రిక్సెల్ 1979లో పత్తి తెగ గురించి రాసిన గ్రంథంలో గంగరావి ప్రజాతి పత్తితో కలిసే ఉంటుంది. ఈ తెగ మొక్కల కణజాలంలో గాసిపాల్ అనే పదార్థం నిండిన సూక్ష్మ గ్రంథులు ఉంటాయి. గింజను కోసి పప్పును చూస్తే నల్ల చుక్కల్లా కనిపించేవి అవే. పత్తిగింజల నూనెను శుద్ధి చేయకుండా తినకూడదనడానికి కారణమైన పదార్థం కూడా ఈ గాసిపాలే. గంగరావి నుంచి వేరుచేసి థెస్పెసిన్ అని పిలిచిన పదార్థం నిజానికి గాసిపాల్‌కే ఒక రూపమని 1968లో రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. పురుగులకూ ఈ చుట్టరికం తెలుసు. పత్తి గింజల రసం పీల్చే డిస్‌డెర్కస్ అనే ఎర్రటి పురుగులు గంగరావి కాయల మీదా గుంపులు కడతాయి.

మలబారు ప్రజలకు ఈ చుట్టరికం ఎప్పుడో తెలుసనిపిస్తుంది. మలబారు మొక్కల గురించిన హోర్తుస్ మలబారికస్ మొదటి సంపుటం 1678లో అచ్చయింది. అందులో గంగరావి పేరు బుపరితి, ఎట్టగోగు పేరు తాలిపరితి. మలయాళంలో పరుత్తి అంటే పత్తి. బుపరితి అంటే పూపరుత్తి. ఆ ఊళ్లలో ఈ చెట్టుకు పేరు పెట్టినవాళ్లు ఆకు దగ్గర ఆగకుండా పువ్వు దాకా చూశారన్నమాట. మన గంగరావి, హిందీ పారస్ పీపల్ మాత్రం ఆకు పేర్లు, రెంటిలోనూ రావే ఉంది. తమిళ పూవరసులోని అరసు కూడా రావేనని చెప్పవచ్చు, అయితే పూలకు రాజు అనే అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. లినేయస్ పెట్టిన పాపుల్నియస్ సైతం ఆకు పేరే, పాప్లర్ చెట్టు ఆకును పోలినదని. ప్రజాతి పేరు వచ్చిన దారి వేరు. 1769లో కెప్టెన్ కుక్ ఓడలో తహితి దీవికి వెళ్లిన డేనియల్ సోలాండర్, అక్కడి ఆలయ ప్రాంగణాల్లో ఈ చెట్టును పవిత్రంగా చూడటం గమనించి, గ్రీకులో దివ్యమైనది అనే అర్థం వచ్చే మాటతో థెస్పీసియా అన్నాడు. ఆ పేరును పోర్చుగల్ దేశపు వృక్షశాస్త్రవేత్త కొర్రియా ద సెర్రా 1807లో అచ్చులోకి తెచ్చాడు. బుపరితి అంతకుముందే ప్రజాతి పేరుగా వాడుకలోకి వచ్చినా, నామకరణ నియమాల కింద థెస్పీసియానే నిలబెట్టారు.

ఇంతవరకు వచ్చాక మా చెట్టు ఎట్టగోగు కాదనీ, థెస్పీసియా అనీ ధైర్యంగా చెప్పగలను. కానీ ఏ థెస్పీసియా? ఇక్కడే తొందరపడకూడదు. గంగరావిని పోలిన ఇంకో జాతి ఉంది, థెస్పీసియా పాపుల్నియోయిడీస్. దాన్ని వేరుగా మొదట గుర్తించినవాడు విలియం రాక్స్‌బరా. 1780లలో సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ మొక్కలకు చిత్రకారులతో బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నవాడు ఆయన. 1815లో ఆయన చనిపోగా, ఈ జాతి వర్ణన ఉన్న ఫ్లోరా ఇండికా 1832లో వెలువడింది. ఆ తర్వాత చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని కలిపేశారు. 1972లో ఫాస్‌బర్గ్, సాషే అనే ఇద్దరు పరిశోధకులు స్మిత్సోనియన్ సంస్థ ప్రచురణలో రెంటినీ మళ్లీ విడదీసి చూపించారు.

ఈ రెండు జాతుల మధ్య తేడాలు పువ్వు కాడలోనూ ఆకులోనూ కాయలోనూ ఉన్నాయి. గంగరావి పువ్వు కాడ పొట్టిగా, బలంగా ఉండి పువ్వును నిలబెడుతుంది. రెండోదాని కాడ పొడుగు, పువ్వు వేలాడుతుంది. గంగరావి ఆకు మొదట్లో లోతుగా నొక్కుకుని నిజమైన హృదయాకారంలో ఉంటుంది. రెండోదానికి ఆ నొక్కు తక్కువ, పొలుసులు దట్టంగా ఉండి చిగుళ్లకు కంచు రంగు తెస్తాయి. అసలైన తీర్పు కాయది. గంగరావి కాయ గుండ్రంగా, పైనుంచి కాస్త అణిగి, రాలకుండా పళ్లెంలా మారిన రక్షక పత్రావళి మీద కూర్చుని ఉంటుంది. ఎండినా పగలదు. రెండోదాని కాయకు పై పొర విచ్చుకుని ఊడుతుంది, లోపలి పొర మాత్రం మూసుకునే ఉంటుంది. ఎట్టగోగు కాయ ఐదు పలకలుగా పూర్తిగా పగులుతుంది. గంగరావి లేతకాయను గోరుతో గిల్లితే పచ్చటి జిగురు ఊరుతుంది. చేతికి అంటుకుంటే ఒక పట్టాన వదలదు.

మా వీధి చెట్టుకు పువ్వు కాడలు పొట్టివే, ఆకు నొక్కు లోతుగానే ఉంది. పోయిన ఏటి ఎండుకాయలు కొన్ని ఇంకా కొమ్మల మీదే నల్లబడి వేలాడుతున్నాయి, పై పొర ఊడలేదు. ఈ మూడూ కలిపి చూస్తే ఇది థెస్పీసియా పాపుల్నియా అనడానికి ఆధారం బలంగా ఉంది. కాయ లేకుండా, ఒక్క ఆకుతోనో పువ్వు ఫొటోతోనో ఆ మాట అనేవాణ్ని కాను. ఫోన్లో తీసే ఫొటోల్లో చాలావరకు పువ్వును ముందు నుంచే తీస్తాం. అందులో పసుపు రేకులు, ఎర్ర మచ్చ ఉంటాయి. పైన చెప్పిన గిన్నె, ఉపరక్షక పత్రాలు, పత్రపుచ్ఛాల మచ్చ ఏవీ ఉండవు. అలాంటి ఫొటోకు ఎవరు పేరు చెప్పినా, యంత్రం చెప్పినా, నేను దాన్ని ఊహగానే తీసుకుంటాను.

జాతిని తేల్చడం ఎంత పని చేస్తుందో సికింద్రాబాద్‌కు వేరే కథ చెప్పనక్కర్లేదు. రొనాల్డ్ రాస్ మలేరియా కోసం దోమలను కోసి చూసిన రెండేళ్లలో ఎక్కువ కాలం వేరే రకం దోమలతోనే గడిచిపోయింది. 1897 ఆగస్టు 20న ఇక్కడే ఒక దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి జాడ దొరికింది. అది రెక్కల మీద మచ్చలున్న దోమ, ఇప్పుడు అనాఫిలిస్ అని పిలుస్తున్నది. దాని శాస్త్రీయ నామం ఆయనకు అప్పటికి తెలియదు. రెక్కల మచ్చల్ని మాత్రం స్పష్టంగా రాసిపెట్టాడు. పేరు తర్వాతైనా వస్తుంది, లక్షణం సరిగా నమోదు కావాలి.

తీరపు చెట్టు ఇక్కడికెలా వచ్చింది? గంగరావి కాయ, గింజలు నీటిలో తేలతాయి. ఉప్పునీటిలో నెలల తరబడి తేలాక కూడా మొలకెత్తగలవు. హిందూ మహాసముద్రం, పసిఫిక్ తీరాల వెంట ఇంత విస్తారంగా ఈ చెట్టు ఉండటానికి అదొక కారణం. ఆ దారి దక్కన్ పీఠభూమికి పనికిరాదు. ఇక్కడికి తెచ్చింది మనుషులే. లావాటి కొమ్మ నరికి పాతినా వేరు పోసుకుంటుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, నీడ దట్టం, ఎండకు తట్టుకుంటుంది. వీధి చెట్టుగా దీన్ని ఎంచుకోవడానికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు. కాబట్టి సముద్రం దూరంగా ఉందన్నది గుర్తింపును కొట్టేసే ఆధారం కాదు. ఆ మాట తిరగేసినా నిజమే. కోరంగి మడ అడవి అంచున దొరికింది కాబట్టి ఇది గంగరావే అనడమూ చెల్లదు, అక్కడ ఎట్టగోగూ ఉంది. చోటు అనుమానానికి దారి చూపుతుంది, తీర్పు మొక్క ఇవ్వాలి. ఇక్కడి చెట్టును నమోదు చేసేటప్పుడు నాటినది అని తప్పనిసరిగా రాయాలి. ఆ ఒక్క మాట లేకపోతే రేపు ఎవరో పటంలో సికింద్రాబాద్ మీద చుక్క పెట్టి, ఇది ఈ చెట్టు సహజంగా పెరిగే ప్రాంతమని అనుకుంటారు.

ఈ జాగ్రత్త చాదస్తం కాదని చెప్పడానికి ఆయుర్వేదం ఒక్కటి చాలు. పంచవల్కలం అంటే ఐదు చెట్ల బెరడుల కూర్పు: మర్రి, మేడి, రావి, జువ్వి, పారీషం. పారీషాన్ని గంగరావిగానే ఇప్పుడు లెక్కిస్తున్నారు. ఆ ఐదింటినీ పాలుగల చెట్లుగా శాస్త్రం వర్ణిస్తుంది. మొదటి నాలుగూ మర్రి ప్రజాతివి, పాలు కారతాయి. గంగరావికి అలాంటి పాలు లేవు, లేతకాయలో పచ్చ జిగురు తప్ప. పారీషం స్థానంలో కొందరు శిరీషమనీ, కొందరు వేతసమనీ చెప్పారని పాత గ్రంథాల్లోనే ఉంది. అంటే ఈ సందేహం నేటిది కాదు. పారీషం గంగరావి కాదని దీన్నిబట్టి తేల్చేయలేం. ఒక గుంపుకు పెట్టిన పేరు అందులోని ప్రతి చెట్టుకూ అచ్చంగా సరిపోవాలనే నియమం లేదు. పుస్తకంలో పేరు, అంగడిలో బెరడు, వీధిలో చెట్టు ఈ మూడూ ఒకటేనని ఎవరైనా అంటే మాత్రం మూడింటినీ విడివిడిగా చూపమని అడగాలి.

బెరడు ఎండి ముక్కలయ్యాక పువ్వూ కాయా చూపించమంటే కుదరదు. అప్పుడు మిగిలేది సూక్ష్మదర్శిని. ఈస్టర్ దీవిలో దొరికిన రొంగొరొంగొ లిపి పలకల చెక్క ఏదన్న ప్రశ్నకు ఫ్రెంచి పరిశోధకురాలు కాథరిన్ ఓర్లియాక్ అలాగే సమాధానం వెతికారు. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, కొన్ని పలకలు థెస్పీసియా పాపుల్నియా చెక్కవేనని ఆమె నిర్ధారించారు. మన ఊళ్లలో బండి చక్రాల భాగాలకూ పడవలకూ వాడిన చెక్కే, అక్కడ ఎవరూ చదవలేని అక్షరాలను మోసింది.

మా చెట్టు నమూనాను వార్తాపత్రికల మధ్య నొక్కి ఉంచాను. ఉంగరం లేని కొమ్మ, లేతాకు, ముదురాకు, మూడు ఉపరక్షక పత్రాలున్న మొగ్గ, నిలువుగా చీల్చిన పువ్వు, విడిగా కాగితపు కవరులో రెండు ఎండుకాయలు. పక్కన చీటీ మీద తేదీ, సికింద్రాబాద్, వీధి పక్కన నాటినది, పూలు విచ్చినప్పుడు పసుపు, రాలేటప్పుడు గులాబీ అని రాశాను. నొక్కిన పువ్వు ఎండేసరికి రంగు పోతుంది. చీటీ మీద రాయకపోతే ఆ సమాచారం ఇంకెక్కడా మిగలదు. ఒక కాయను చాకుతో కోశాను. పై పొర తోలులా గట్టిగా ఉంది, గదులు ఐదు, గోధుమ రంగు నూగుతో గింజలు. రెండో కాయను కోయకుండా అలాగే ఉంచాను, ఇంకో వేసవి ఎండకైనా పై పొర విచ్చుతుందేమో చూడటానికి.